చీకట్లో గురి కన్నా ముందు గుర్తుపట్టాలి

ఈ మధ్య కొత్త ఎస్సైలు ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "సార్, చీకట్ల పచ్చగ మెరిసే సైట్లు ఉంటయట కదా, మన పిస్తోలుకు పడ్తయా?" అమెరికా పోలీసుల వీడియోలు ఫోన్లో చూసి వస్తారు. మొన్న జగిత్యాల వైపు పనిచేసే ఒక కుర్ర ఎస్సై ధర కూడా కనుక్కుని వచ్చాడు. డిపార్ట్‌మెంటు ఇయ్యకపోతే సొంత పైసలు పెట్టుకుంటానన్నాడు. సర్కారు పిస్తోలుకు సొంతంగా ఏదీ బిగించడానికి వీల్లేదు, అది వేరే ముచ్చట. అడగడంలో మాత్రం తప్పులేదు. రాత్రి గస్తీ తిరిగేవాడికే రాత్రి సంగతి తెలుస్తుంది. "ముందుగాల మంచి టార్చిలైటు కొనుక్కో బిడ్డా" అన్నాను. పిల్లవాడి మొహం చిన్నబోయింది.

నా సర్వీసంతా జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులోనే గడిచింది. కొంతకాలం ఆర్మరర్‌గా తుపాకులు విప్పి బిగించాను, తర్వాత చాంద్‌మారీలో, అంటే ఫైరింగ్ రేంజిలో, ఉస్తాద్‌గా నిలబడి ఫైరింగ్ చేయించాను. 2016 అక్టోబర్‌లో ముక్కలు కాకముందున్న పెద్ద కరీంనగర్, పెద్ద ఆదిలాబాద్ జిల్లాల్లో నేను చూడని పోలీసు స్టేషన్ తక్కువ. కాబట్టి ఈ సైట్ల సంగతి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఇది పోలీసుల ఇంటి ముచ్చట, మాకెందుకని పాఠకులు పేజీ తిప్పకండి. రాత్రిపూట పోలీసు చేతిలో పిస్తోలు పేలిందంటే ఆ గుండు పోయేది మీ వాడకట్టులోనే.

పిస్తోలు మీద గురిచూసే సామాను రెండే ముక్కలు. మొన దగ్గర నిలువుగా చిన్న పలక, అది ఫోర్‌సైట్. వెనకాల గాడి ఉన్న ఇంకో పలక, అది బ్యాక్‌సైట్. గాడి నడుమ ఫోర్‌సైట్ నిలవాలి, దానికి రెండు పక్కలా సమానంగా వెలుతురు కనబడాలి, రెండింటి తలలూ ఒకే మట్టంలో ఉండాలి. దీన్నే మేం సిస్త్ తీసుకోవడం అంటాం. మనిషి కన్ను ఒకసారి ఒక దూరాన్నే తేటగా చూడగలదు. అందుకే ఎదురుగా ఉన్న టార్గెట్ కాస్త మసకబారినా ఫరవాలేదు, ఫోర్‌సైట్ కొన మాత్రం తేటగా కనబడాలని రంగరూట్లకు మొదటి రోజే చెబుతాం.

పగలు ఇదంతా బాగానే ఉంటుంది. మన స్టేషన్లలో ఏళ్ళుగా వాడుతున్న 9 ఎం.ఎం. పిస్తోలు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది, 1935 నాటి బ్రౌనింగ్ నమూనా. గుండ్లు 13 పడతాయి, చేతిలో ఒద్దికగా కూర్చుంటుంది. దాని ఫోర్‌సైట్ నల్లగా, సన్నగా ఉంటుంది. పొద్దుగూకిందంటే నల్ల పలక, నల్ల గాడి, ఎదురుగా నల్లగా కదిలే ఆకారం. మూడూ కలిసి ఒకటే ముద్ద. పాత .38 రివాల్వర్ది ఇంకా అన్యాయం. దానికి బ్యాక్‌సైట్ అంటూ వేరే ముక్కే ఉండదు, పైన ఉన్న గాడితోనే సరిపెట్టుకోవాలి. తర్వాత వచ్చిన గ్లాక్ పిస్తోలు నయం. ముందు తెల్ల చుక్క, వెనక గాడి చుట్టూ తెల్ల గీత ఉంటాయి. వీధిలైటు కింద కనబడతాయి, లైటు లేనిచోట అవీ కనబడవు.

ఆయుధాల గదిలో మేం దీనికి కనిపెట్టుకున్న మందు వైట్‌నర్. టైపిస్టులు అక్షరాలు చెరిపే ఆ సీసానే. ఫోర్‌సైట్ మీద నూనె జిడ్డు ఉంటే అది నిలవదు. కాబట్టి ముందు చిండీ గుడ్డను పెట్రోలులో తడిపి బాగా తుడవాలి, ఆరనివ్వాలి. అగ్గిపుల్ల కొనను చెక్కి, వైట్‌నర్‌లో ముంచి, పలక వెనక ముఖం మీద ఒకే ఒక్క బొట్టు పెట్టాలి. రెండోది పెడితే గడ్డకట్టి ఊడుతుంది. ఎండాక దాని మీద రంగులేని గోళ్ళరంగు ఒక పూత. పది రూపాయల పని. తోలు హోల్‌స్టర్‌లోంచి తీసి పెట్టగా పెట్టగా కొన్ని నెలలకు అరుగుతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. బ్యాక్‌సైట్ జోలికి మాత్రం పోవద్దు. చాలామంది ఉత్సాహం కొద్దీ వెనక రెండు, ముందు ఒకటి, మూడు చుక్కలు తెల్లగా పెట్టుకుంటారు. మూడూ ఒకే తీరుగా మెరిస్తే ఆదరాబాదరాలో ఏ చుక్క ఎక్కడిదో తెలియదు. ముందుది నడుమ ఉండాల్సింది పోయి ఒక పక్కకు చేరినా మూడు చుక్కలు వరుసలోనే కనబడతాయి, గుండు మాత్రం పక్కకు పోతుంది. ముందుది వెలగాలి, వెనకది నల్లగానే ఉండాలి. సైట్ల ఎంపికలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే.

ఇక ఆ పచ్చగా మెరిసే సైట్లు. వాటిలో ట్రిటియం అనే వాయువును సన్నటి గాజుగొట్టంలో నింపి పెడతారు. ట్రిటియం అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. దాన్నుంచి వచ్చే బలహీనమైన కిరణాలు గొట్టం లోపలి పూతకు తగిలి వెలుగునిస్తాయి. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఎండలో పెట్టి తేవాల్సిన పనీ లేదు. పచ్చ రంగే ఎందుకంటే చీకటికి అలవాటుపడ్డ కన్ను ఎరుపు కన్నా పచ్చను బాగా పట్టుకుంటుంది. 1980లలో అమెరికాలో ట్రైజికాన్, తర్వాత ఇజ్రాయెల్‌లో మెప్రోలైట్ వంటి కంపెనీలు వీటికి పేరు తెచ్చుకున్నాయి. కరీంనగర్ కమాన్ దగ్గర మోటరుసైకిళ్ళకు అంటించే రేడియం స్టిక్కర్లతో వీటిని కలపొద్దు. ఆ స్టిక్కర్ మీద లైటు పడితేనే వెనక్కి మెరుస్తుంది, ట్రిటియం తనంత తానే వెలుగుతుంది.

మంచి వస్తువే, కాదనను. కానీ ట్రిటియం 12.3 ఏళ్ళకు సగమవుతుంది, ఇంకో 12 ఏళ్ళకు పావు. మన దగ్గర ఒక పిస్తోలు స్టోర్‌లోకి వచ్చిందంటే ఎన్ని తరాల ఎస్సైల నడుముకు వేలాడుతుందో లెక్కలేదు. నా చేతుల మీదుగా నాకంటే పెద్ద వయసున్న రివాల్వర్లు కూడా పోయాయి. పిస్తోలు బతికుండగానే సైట్లు ఆరిపోతాయి, మళ్ళీ కొనాలి. ఆరిపోయినవాటిని పాత ఇనుప సామాను కింద వేలం వేయలేం, రేడియోధార్మిక వస్తువు కదా. కొనేటప్పుడే ఈ ఖర్చు కూడా రాసుకోవాలి. ఎండను పట్టి ఎర్రగానో పచ్చగానో మెరిసే ప్లాస్టిక్ ఫైబర్ సైట్లను ఇక్కడే తీసిపక్కన పెడుతున్నాను. పగటి పోటీలకు అవి ముద్దుగా ఉంటాయి, చీకట్లో దండగ.

మరి రెడ్ డాట్ సంగతేమిటని పిల్లలు అడుగుతారు. పిస్తోలు పైన చిన్న అద్దం, అందులో ఎర్రటి చుక్క. చుక్కను మనిషి మీద పెడితే చాలు, గాడీ పలకా కలిపే బాధ లేదు. దీనికి నేను ఒక్క కారణం చేత ఓటేస్తాను. కానిస్టేబుల్‌గా చేరి ఎస్సై అయ్యేసరికి మనవాళ్ళలో చాలామందికి చత్వారం వచ్చి ఉంటుంది. పేపరు చదవడానికి చేయి చాపుకునేవాడికి చేయి దూరంలోని ఫోర్‌సైట్ ఎట్లా కనబడుతుంది? చీకట్లో కంటిపాప పెద్దదయ్యే కొద్దీ మసక ఇంకా ముదురుతుంది. రెడ్ డాట్‌లో చుక్క దూరంగా ఉన్నట్టే కనబడుతుంది కాబట్టి చత్వారం కన్నుకు ఇబ్బంది లేదు. అయితే దీన్ని వాడాల్సింది మన ఊళ్ళల్లో. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది, జీపులో వదిలేస్తే బ్యాటరీ ఏమవుతుందో చెప్పలేం. ఓపెన్‌కాస్టు గని పక్క రోడ్డు మీద గంట తిరిగితే అద్దం మీద బొగ్గు దుమ్ము. ఆదిలాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున వెచ్చటి జీపులోంచి దిగిన క్షణాన కళ్ళద్దాలు ఎట్లా మసకబారుతాయో ఆ అద్దమూ అట్లాగే మసకబారుతుంది. ప్రత్యేక దళాలకు సరే, తుడుచుకునే అలవాటు వాళ్ళకు ఉంటుంది. స్టేషన్ ఎస్సైకి ఇప్పట్లో వద్దు.

ఇంతకీ ఈ సైట్లన్నీ ఎంత దూరానికి? ఒక చిన్న లెక్క చేద్దాం. మన 9 ఎం.ఎం. పిస్తోలుకు ముందు సైటుకూ వెనక సైటుకూ నడుమ సుమారు 16 సెంటీమీటర్లు. గాడిలో ఫోర్‌సైట్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 25 మీటర్ల దూరంలో గుండు దాదాపు 16 సెంటీమీటర్లు తప్పుతుంది. 10 మీటర్లలో 6 సెంటీమీటర్లు. 3 మీటర్లలో 2 సెంటీమీటర్లు కూడా కాదు. అంటే రాత్రి వాహనాల తనిఖీలో ఎదురుపడే దూరానికి సైటు కాస్త అటూఇటూ అయినా గురి తప్పదు. అక్కడ గుండు తప్పిందంటే ట్రిగ్గర్‌ను గుంజి ఉండాలి, లేకపోతే అవతల ఉన్నది ఎవరో చూసుకోకుండా కాల్చి ఉండాలి.

సూర్యాపేట గుర్తుందా? 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే పోయారు, సీఐ గాయపడ్డారు. మూడు రోజులకు జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చచ్చారు. ఆ కాల్పుల్లో మరో కానిస్టేబుల్ ప్రాణం పోయింది, గాయపడిన ఎస్సై సిద్ధయ్య ఆస్పత్రిలో కన్నుమూశారు. 2013లో ఖాండ్వా జైలు నుంచి పారిపోయిన సిమి ముఠా అది. 2014 ఫిబ్రవరి 1న మన చొప్పదండి స్టేట్ బ్యాంకును దోచింది కూడా ఆ ముఠాయేనని దర్యాప్తులో తేలింది. కరీంనగర్ నుంచి సూర్యాపేట దాకా ఆ ముఠా పేరు వినని స్టేషన్ లేదు. బస్టాండు కాల్పుల గురించి ఇప్పుడు కూర్చుని అట్లా చేయాల్సింది, ఇట్లా చేయాల్సిందని నేను అనను, అనే అర్హత అక్కడ లేనివాడికెవడికీ లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పొచ్చు. బస్టాండు దీపాల నడుమ, ప్రయాణికుల నడుమ, చేయి చాపితే అందే దూరంలో మొదలయ్యే కాల్పుల్లో సైటు ఏ రంగులో మెరుస్తుందనేది చివర వచ్చే ప్రశ్న. ఎవడి చేతులు ఎక్కడున్నాయి, ఎవడి వెనక ఎవరున్నారు అన్నది కనబడటం మొదటి ప్రశ్న.

అందుకే టార్చి. మా రోజుల్లో గస్తీకి డ్రాగన్ లైటు ఉండేది, ఇటుకంత బరువు. అది పట్టుకుంటే పిస్తోలుకు చెయ్యే మిగిలేది కాదు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఎల్ఈడీ టార్చిలు వచ్చాయి. తోకలో బొత్తం ఉన్నది కొనాలి, నొక్కినంతసేపే వెలగాలి, వదిలితే ఆరాలి. 1970లలో అమెరికాలో మైఖేల్ హారీస్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పట్టు ఒకటుంది. కుడిచేతిలో పిస్తోలు, ఎడమచేతిలో టార్చి. ఎడమ చేయి కుడి మణికట్టు కిందుగా పోయి, రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనుకోవాలి. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. టార్చి వెలుగు ఎదుటివాడి మీద పడగానే ఇంకో లాభం ఉంది. ఆ వెలుగుకు అడ్డంగా మన నల్ల ఫోర్‌సైట్ గీత గీసినట్టు కనబడుతుంది. అప్పుడు ట్రిటియం ఉన్నా లేకున్నా ఒకటే.

పిస్తోలుకే లైటు బిగించుకోవచ్చు కదా అంటారు. నాకు ఇష్టం లేదు. లైటు తుపాకీకి ఉంటే, దేన్ని చూడాలన్నా తుపాకీ దాని వైపు తిప్పాల్సిందే. అర్ధరాత్రి గుడిసెలో చప్పుడైందని పోయిన కానిస్టేబుల్ మంచం మీద ముసలమ్మను కూడా పిస్తోలు మొనతోనే వెతకాలా? చేతిలో టార్చి ఉంటే తుపాకీ నేలకు దించి, ముందు మనిషిని చూడొచ్చు, ఆధార్ కార్డు చూడొచ్చు, అవసరమైతే ఊరుకోవచ్చు.

చీకట్లో కాల్చడానికీ సాధన కావాలి, అసలు లోటు అక్కడుంది. గ్రేహౌండ్స్, ఆక్టోపస్ వంటి ప్రత్యేక దళాలకు రాత్రి పని అలవాటే. స్టేషన్లో పనిచేసేవాళ్ళకు నేను చూసినంతలో వార్షిక ఫైరింగ్ అంటే పొద్దున ఎనిమిదింటికి, ఎండ వీపు మీద ఉండగా. రాత్రి ఎందుకు పెట్టరంటే పెద్ద పెద్ద కారణాలు చెబుతారు. లోపలి కారణం ఎంప్టీలు. కాల్చిన ప్రతి గుండు ఖాళీ కేసును లెక్క కట్టి స్టోర్‌లో అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా కాగితాలు మొదలు. పగలే గరికలో పడ్డ ఒక్క ఎంప్టీ కోసం ప్లాటూన్ ప్లాటూన్‌ను వంగబెట్టి వెతికించిన రోజులున్నాయి. రాత్రి ఎవరు వెతుకుతారు? నేను పనిచేసిన ఒకచోట అధికారి ఒకాయన ఈ ఒక్క భయంతోనే రాత్రి డిటెయిల్, అంటే రాత్రి కాల్చే బ్యాచి, రాసిన ఆర్డర్‌ను చింపి చెత్తబుట్టలో వేశారు. విరుగుడు చాలా తేలిక. పిస్తోలు ఎంప్టీని కుడివైపుకు విసురుతుంది. కాల్చేవాడి కుడిపక్క టార్పాలిన్ పట్టా పరిచి, దాని అంచులు రాళ్ళ మీద కాస్త ఎత్తిపెడితే అన్నీ దాని మీదే పడతాయి.

చీకట్లో మొదటిసారి కాల్చేవాణ్ణి చూడాలి. మొదటి గుండుకు మొన దగ్గర మంట భగ్గుమంటుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి, రెండో గుండు ఎటు పోతుందో వాడికే తెలియదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, పోవడానికి ఆ ఒక్క మెరుపు చాలు. కనబడని ఫోర్‌సైట్‌ను వెతుక్కుంటూ తెలియకుండానే మొన పైకెత్తుతారు, గుండ్లన్నీ టార్గెట్ తల మీదుగా పోతాయి. ఇది ఒకసారి అనుభవమైనవాడు మళ్ళీ జాగ్రత్త పడతాడు. ఆ అనుభవం చాంద్‌మారీలో మట్టికట్ట ముందు కావాలా, లేక గోదావరిఖని చౌరస్తాలోనా?

ఇక లైసెన్సు పిస్తోళ్ళ మారాజులు. మన కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారులకూ, రియల్ ఎస్టేటు వాళ్ళకూ ఈ సరదా ఉంది. 9 ఎం.ఎం. మామూలు జనానికి నిషిద్ధం కాబట్టి .32 కొనుక్కుంటారు. మా వీధిలో ఒకాయన, నన్ను అన్నా అని పిలుస్తాడు, దిండు కింద పెట్టుకునే పిస్తోలుకు మెరిసే సైట్లు తెప్పియ్యమన్నాడు. "తమ్మీ, మీ కొడుకు రాత్రి సెకండ్ షో చూసి గోడ దుంకి వస్తడా రాడా?" అన్నాను. నవ్వాడు, నవ్వి ఊరుకున్నాడు. మెరిసే సైటు పిస్తోలు ఎక్కడ చూస్తోందో చెబుతుంది, ఎదురుగా వస్తున్నది దొంగో కొడుకో చెప్పదు. ఇంటికి కావాల్సింది గేటు మీద మనిషి కదిలితే వెలిగే దీపం. పిస్తోలు ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు.

అడవి వైపు పోతే ఇదే కథ ఇంకో రూపంలో ఉంటుంది. చేలో పందులు పడుతున్నాయని రాత్రి తలకు లైటు కట్టుకుని నాటు తుపాకీతో కూర్చునేవాడికి పొదలో మెరిసే రెండు కళ్ళు కనబడతాయి, ఆ కళ్ళు ఎవరివో కనబడవు. పెన్‌గంగ అవతల, మన ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో 2018 నవంబర్ 2 రాత్రి అవని అనే ఆడపులిని కాల్చి చంపారు. హైదరాబాద్ నుంచి పోయిన షూటర్ల పని అది. మనుషుల ప్రాణాలు తీసిందన్న పులే, చంపడానికి ఉత్తర్వులూ ఉన్నాయి. అయినా అది మీదికి దూకిందా, మత్తు ఇంజెక్షన్ ముందు వేశారా లేదా అన్న గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ కమిటీ పద్ధతిని తప్పుపట్టింది. ఏ సైటు పెట్టుకున్నారని ఆ గొడవలో నాకు తెలిసి ఒక్కరూ అడగలేదు. చీకట్లో ఎందుకు కాల్చారని మాత్రం అడిగారు.

కొత్త సైట్లు కొనే ఫైలు ఎక్కడైనా నడుస్తుంటే, కొనండి, వద్దనను. ముందు సైటు ఒక్కదానికే ట్రిటియం పెట్టి, వెనకది నల్లగా వదిలిన రకం తెప్పించండి. దానికి ముందు రెండు పనులు చేయండి. రాత్రి డ్యూటీ చేసే ప్రతి ఎస్సైకీ, ఏఎస్సైకీ ఒక ఎల్ఈడీ టార్చి స్టోర్ నుంచి ఇప్పించండి. ఈ ఏటి వార్షిక ఫైరింగ్‌లో ఒక్క డిటెయిల్‌ను పొద్దుగూకిన తర్వాత పెట్టండి. టార్పాలిన్ పట్టా పరిచి ఎంప్టీలు ఏరిపెట్టే పని నాకు అప్పజెప్పితే, రిటైరైనా సరే, సొంత ఖర్చుతో వచ్చి చేసిపోతాను.